రాత్రి యాడ పండుకుంటివి?

విమానంలో చివరి వరుసకు ఒక వాసన ఉంటుంది. మరుగుదొడ్డిలో వాడే నీలిరంగు మందు, పక్కనే కాగుతున్న కాఫీ, నలిగిన బట్టలు, మూడూ కలిసిన వాసన. టికెట్ కొనుక్కున్నవాళ్ళు ఆ సీట్లు కోరుకోరు కాబట్టి అవి మాకు మిగులుతాయి. మాకు అంటే, ఒక ఊళ్ళో కాపురం ఉండి ఇంకో ఊరి నుంచి విమానాలు నడిపే పైలట్లకు. డ్యూటీకి చేరడానికి కూడా మేము విమానమే ఎక్కాలి, అదీ సీటు ఖాళీ ఉంటేనే. పోయిన నెల హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే తొలి విమానంలో నేను ఆ వరుసలో కూర్చున్నాను. నా డ్యూటీ మరుసటి రోజు. పక్కన కిటికీ సీటులో మా కంపెనీ కుర్ర పైలట్ ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. భుజాల మీది బంగారు గీతలు కనబడకుండా నల్ల స్వెట్టర్ తొడుక్కున్నాడు. యూనిఫాంలో ఉన్న పైలట్ నిద్రపోతుంటే ప్రయాణికులు కంగారుపడతారని మేమందరం అలా ఏదో ఒకటి కప్పుకుంటాం.

నాకు ఒళ్ళు మండింది. ఆ నిద్ర ఎలాంటిదో నాకు తెలుసు. తెల్లవారకముందే లేచి, పిల్లలకు మెలకువ రాకుండా బూట్లు చేత్తో పట్టుకుని గడప దాటడం, టాక్సీలో ఒక కునుకు, సీటు వస్తుందో రాదో తెలియక కౌంటరు ముందు పడిగాపులు, చివరికి ఈ వరుసలో కూలబడటం. దిగాక ముఖం కడుక్కుని, స్వెట్టర్ విప్పేసి, నిండు విమానాన్ని నడపడానికి వెళ్ళాలి. కంపెనీ లెక్కలో వాడి రోజు అప్పుడే మొదలవుతుంది. అంతవరకూ పడిన పాట్లన్నీ వాడి సొంత గోల. ఆ కుర్రవాణ్ణి తట్టి లేపి ఒక మాట అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ మాట నేను కనిపెట్టింది కాదు. గోనెగండ్ల కెప్టెన్ యోసేపు దగ్గర నేర్చుకున్నది.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్ళలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు, ఫోన్లో. విమానం మెట్ల మీద నుంచి ఒక పెద్ద పైలట్ దిగుతుంటాడు. భుజాన గళ్ళ దుప్పటి, చేతిలో బ్యాగు. కింద ప్రయాణికులు వరుసలో నిలబడి ఉంటారు. చివరి మెట్టు దగ్గర ఆయన ఒక్కసారి తూలుతాడు. ‘తాగి విమానం నడపబోయిన పైలట్’ అని ఎవడో దానికి పేరు పెట్టాడు. ఆ వీడియో దేశమంతా తిరిగి మన ఊళ్ళకు వచ్చింది. టీ బంకుల దగ్గర చూశారు, పత్తి యార్డులో చూశారు, మా ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర కూడా చూసి నవ్వుకున్నారు. ఆయన తాగలేదు. డ్యూటీకి ముందు ఊదే పరీక్షలో మేమిద్దరం ఊదాం, ఇద్దరికీ సున్నా వచ్చింది. తూలింది ఎయిర్ ఫోర్సు రోజుల్లో దెబ్బ తిన్న మోకాలి వల్ల. వీడియోలో ఆయన వెనక, పై మెట్టు మీద, ఒక నల్ల బూటు సగం కనిపిస్తుంది. అది నాది.

ఆయన్ని నేను మొదట చూసింది ఢిల్లీ విమానాశ్రయంలో, సిబ్బంది టికెట్లు ఇచ్చే కౌంటరు దగ్గర. నేను అప్పుడే కో-పైలట్‌గా చేరాను. నలుగురు కెప్టెన్లు ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడుకుంటున్న చోట ఒకాయన ఫోన్లో అరుస్తున్నాడు: "కాటా ఏసేటప్పుడు నువ్వు పక్కనే నిలబడల్లప్పా! ఆదోని యార్డులో కండ్లు మూస్తే బస్తా మాయమైతాది, తెలుసా ల్యాదా నీకు?" ఆ గొంతు వినగానే నాకు నవ్వు ఆగలేదు. ఆయన ఫోన్ చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"ఏం నగుతావు? తెలుగోనివా?"

"ఎమ్మిగనూరు సార్. పేరు శ్రీనివాసులు."

"మగ్గమోళ్ళా?"

"అవును సార్. మా నాయన సొసైటీకి నేస్తాడు."

ఆయన భుజం మీది దుప్పటి తీసి నా ముందు పెట్టాడు. "అయితే మీ నాయన మీద కంప్లైంటు రాసుకో. రెండు ఉతుకులకే అంచు ఊడొచ్చింది."

నేను అంచు వేళ్ళతో తడిమి చూశాను. "ఇది మా నాయన నేసింది కాదు సార్. మా నాయన నేస్తే అంచు ఊడదు."

"అబ్బో, పొగరుండాదే!" అన్నాడు. "ఉండనీలే. పైలట్‌కి రొంత పొగరుండల్ల. పా, టీ తాగుదాం సీనా."

ఆ రోజు నుంచి నేను ఆయనకు సీనానే. కంపెనీలో ఆయన్ని కెప్టెన్ జోసెఫ్ అనేవారు. గోనెగండ్ల కూలీల ఇంట పుట్టి, హాస్టళ్ళలో చదివి, ఎయిర్ ఫోర్సులో రవాణా విమానాలు నడిపి వచ్చినవాడు. ఆయన భార్య సుగుణ ఆదోనిలో టీచరు. ఆమె ఉద్యోగం వదలదు, ఈయన ఊరు వదలడు. అందుకని ఆదోనిలో రైలెక్కి బెంగళూరో, బస్సెక్కి హైదరాబాదో చేరి, అక్కడి నుంచి ఢిల్లీకి విమానంలో వచ్చేవాడు. నాది హైదరాబాదు కాపురం. బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, మార్చమని మేమిద్దరం ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నా ఒకటే జవాబు: ఇల్లు ఎక్కడ పెట్టుకోవాలన్నది మీ ఇష్టం. ఇష్టమట! ఢిల్లీలో ఉద్యోగం ఇచ్చి, భార్య బదిలీ కాదని తెలిసీ, ఇష్టం అనే మాట వాడటానికి వాళ్ళకు నోరెలా వచ్చేదో.

ఆయన మంచివాడని రాసి ఊరుకుంటే అది కూడా అబద్ధమే అవుతుంది. మహా కోపిష్టి. గురక పెట్టేవాడు. పక్కవాడి పళ్ళెంలోంచి పచ్చడి తీసుకుని, తన డబ్బా మాత్రం మూత తీసేవాడు కాదు. నేను ఒకసారి దిగేటప్పుడు వేగం ఎక్కువ పెట్టానని క్యాబిన్ సిబ్బంది అందరి ముందూ, "ఇదేమన్నా ఎమ్మిగనూరు ఆటో అనుకుంటివా, సంతకాడ సడెన్ బ్రేకు ఏసేకి?" అని అరిచాడు. ఆ వారమంతా నన్ను చూసి ఆటో అని నవ్వారు. అయినా ఆయన పక్కన కూర్చున్న ప్రతి రోజూ ఏదో ఒకటి నేర్చుకుని దిగేవాణ్ణి. విమానం ఎక్కేముందు ఆయన ప్రతి కో-పైలట్‌నూ ఒకే ప్రశ్న అడిగేవాడు. వాతావరణం గురించీ ఇంధనం గురించీ అడగడానికి ముందే అడిగేవాడు. రాత్రి యాడ పండుకుంటివి?

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో బెంగళూరు వెళ్ళే ఒక మధ్యాహ్నం చెప్పాడు. ఆకాశం ఖాళీగా ఉంది, కింద నల్లరేగడి ఎండకు మాడి ఉంది. "ఈ నెలలో గోనెగండ్లలో ముసలోళ్ళు తప్ప ఎవరూ ఉండరప్పా, అందరూ సుగ్గికి పోయుంటారు" అన్నాడు. సుగ్గి అంటే ఇక్కడ పనుల్లేనప్పుడు గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు ఇంటికి తాళం వేసి పిల్లాజెల్లాతో వెళ్ళడం.

"మా అమ్మా నాయనా గూడా పోయేటోళ్ళు. పొద్దుగూకి ట్యాంపో ఎక్కితే తెల్లారేసరికి మిరప చేలో దించుతారు. దిగిన ఎమ్మటే వంగి కొయ్యల్ల. రాత్రంతా నిలబడి వచ్చిందానికి కూలి ల్యా. అడిగితే మేస్త్రీ ‘దోవ మీది, పని మాది’ అంటాడు. మన కంపెనీ గూడా అదే మాటే అంటాది, కాకపోతే ఇంగ్లీషులో."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఒక తూరి ఆ ట్యాంపో బోల్తా పడె. మా నాయన ఆడనే పోయినాడు. డ్రైవరు నిద్దరపోయినాడని అందరూ వాన్నే తన్నిరి. వాడు ముందు రాత్రి గూడా ఇంకో ఊరోళ్ళను దించి వచ్చినాడంట. నాయన ఆ బండి ఎక్కేముందు వాన్ని ఎవరన్నా ఒక మాట అడిగింటే? రాత్రి యాడ పండుకుంటివప్పా అని అడిగింటే?" హెడ్‌సెట్ సర్దుకుని, "రేడియోలో పిలుస్తాండారు, పలుకు" అన్నాడు.

అందుకని ఆయన నియమం ఒకటే. డ్యూటీకి ముందురోజే ఢిల్లీ చేరాలి, రాత్రి అక్కడ నిద్రపోవాలి. తెల్లవారి వచ్చి అదే రోజు విమానం నడపడం ఆయన దృష్టిలో ఆ ట్యాంపో డ్రైవరు పనే. మాలో చాలామందికి ఈ నియమం చాదస్తంగా కనిపించేది, ఎందుకంటే ముందురోజే రావడమంటే ఇంట్లో ఒక రాత్రి పోగొట్టుకోవడం. నెలలో మాకు ఇంట్లో దొరికేవే నాలుగు రాత్రులు.

ఒకసారి హైదరాబాదులో సాయంత్రం విమానానికి ఒకే సీటు మిగిలింది. ఆయన ఆదోని నుంచి బస్సులో వచ్చి కౌంటరు దగ్గర కూర్చున్నాడు. నేనూ వెళ్ళాను గాని, సీటు లేదనిపించుకుని ఇంటికి వెళ్ళిపోదామన్న ఆశతోనే వెళ్ళాను. మరునాడు పొద్దున నాకు డ్యూటీ. తొలి విమానానికి పోతే సరిపోతుందిలే అనుకున్నాను.

"సీటు ఒకటే ఉంది సార్, మీరు పోండి" అన్నాను మర్యాదగా.

"నాకు డ్యూటీ ఎల్లుండి. నీకెప్పుడు?"

"రేపు పొద్దున సార్."

"మరి ఈడ యాం చేస్తాండావు? ఎక్కు." కౌంటరులో ఉన్న అమ్మాయి తలెత్తి చూసింది. "ఎక్కుతావా, మీ ఇంటామెకు ఫోన్ చేసి సెప్పాల్నా, నీ మొగుడు పనిదొంగ అని?"

ఎక్కాను. ఢిల్లీ చేరేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఆయన ఆ రాత్రి హైదరాబాదు విమానాశ్రయంలో కుర్చీ మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడని తర్వాత తెలిసింది. దానికి నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక రాత్రి నేను ఇంట్లోనే ఉండిపోయాను. చెప్పుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఉండాలనిపించింది. తొలి విమానంలో చివరి వరుసలో వచ్చి, ముఖం కడుక్కుని, ఢిల్లీలో డ్యూటీ ఎక్కాను. ఆ రోజు కెప్టెన్ యోసేపు. రోజూ అడిగే ప్రశ్న ఆయన అప్పుడు అడగలేదు. మేము వెళ్ళేసరికే ఆలస్యమై ఉండటంతో నేరుగా పనిలోకి దిగాం. విమానం బరువు లెక్క ఎక్కించేటప్పుడు నేను రెండు అంకెలు తారుమారు చేశాను. ఆయన చూసి సరిదిద్దాడు. చెక్‌లిస్టు చదువుతూ ఒకే అంశానికి రెండుసార్లు ‘చూశాను’ అన్నాను. రెండుసార్లూ చూడలేదు. ఆయన చేతిలోని కార్డు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద ప్రయాణికుల బస్సు వచ్చి ఆగింది.

"రాత్రి యాడ పండుకుంటివి సీనా?"

"ఇక్కడే సార్. మా గదిలోనే."

విమానాశ్రయం పక్క పల్లెలో నేనూ ఇంకో ముగ్గురు పైలట్లూ ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆయన వేరేవాళ్ళతో కలిసి పక్క సందులో ఉండేవాడు.

"నిద్దర బాగా పట్టెనా?"

"పట్టింది సార్."

"యా మంచం మీద?"

"నా మంచం మీదే సార్. కిటికీ పక్కది."

ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "మా గదిలో నిన్న నీళ్ళు రాల్యా. మీ గదికి వచ్చి తానం చేసి ఆడనే పండుకుంటి. కిటికీ పక్క మంచం మీద."

"సార్, ఒక్కసారికి… కాఫీ తాగితే సర్దుకుంటుంది" అన్నాను.

"మా నాయన ఎక్కిన ట్యాంపో డ్రైవరు గూడా టీ తాగే ఎక్కినాడు."

ఎవరు ఏ విమానం నడపాలో చూసే ఆపరేషన్స్ విభాగానికి ఆయన ఫోన్ చేశాడు. నా వైపు చూడకుండా, స్పష్టమైన ఇంగ్లీషులో, తాను అలసిపోయి ఉన్నాననీ, ఈ రోజు విమానం నడపలేననీ, స్టాండ్‌బైలో ఉన్న ఇద్దరినీ పంపమనీ చెప్పాడు. తాను అలసిపోయానన్నాడు. నేనని అనలేదు. ఫోన్ పెట్టాక నేను ఏదో అనబోయాను.

"నోరు మూసుకో. నీ ఉద్యోగం ఇంకా పక్కా కాల్యా. నీ పేరు సెప్తే రేపే ఇంటికి పంపుతారు. నన్ను యాం చేస్తారు? నాలుగు మాటలంటారు, పడతా. అడిగితే, కెప్టెన్ దిగమన్నాడు, దిగితిని అని సెప్పు." బ్యాగు తీసుకుంటూ అన్నాడు, "నీకు మేలు చేస్తాండానని అనుకోవద్దు. ఈ బస్సు దిగేటోళ్ళకు చేస్తాండా."

దుప్పటి భుజాన వేసుకుని దిగాడు. వెనక నేను. కింద ఎవరో ఫోన్ పైకెత్తారు.

సాయంత్రానికి అది అందరి చేతుల్లోకీ వెళ్ళింది. కంపెనీ ఒకే ఒక్క మాట బయటికి చెప్పింది: సిబ్బంది అస్వస్థత. అలసట అన్న మాట వాడలేదు. వాడితే, ఎందుకు అలసిపోయాడు, మీ పైలట్లు ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎప్పుడు నిద్రపోతున్నారు అని ఎవరైనా అడుగుతారు. ఊదే పరీక్ష ఫలితం వాళ్ళ దగ్గరే ఉంది. ఆ సున్నాను బయటపెట్టి ఉంటే ఒక మనిషి పరువు ఆ సాయంత్రమే నిలబడేది. పెట్టలేదు. తాగుబోతు అన్న పుకారు కంపెనీకి ఏ నష్టమూ చేయదు, ఒక్క యోసేపుకే చేస్తుంది.

తర్వాత విచారణ. చల్లటి గది, టీ, బిస్కెట్లు, ముగ్గురు పెద్దమనుషులు. కెప్టెన్ ప్రవర్తనలో తేడా ఏమైనా గమనించావా అని అడిగారు.

"చిరాకుగా ఉన్నారు సార్" అన్నాను.

"ఎందుకు?"

"తెలియదు సార్."

అంతే. నేను చెప్పిన రెండు మాటల్లో మొదటిది నిజం. ఆ నిజంతోనే ఆయన్ని నిలువునా ముంచాను. ఆ ఉదయం నేను ఎక్కి వచ్చిన విమానం వాళ్ళదే. నా టికెట్ వాళ్ళ కంప్యూటర్లోనే ఉంది. ఒక్క మీట నొక్కితే అంతా బయటపడేది. వాళ్ళు నొక్కలేదు, ఎందుకంటే నా పేరుతో పాటు ఆ ఉదయం అలాగే వచ్చి విమానాలు నడిపిన ఇంకెందరి పేర్లు వస్తాయో వాళ్ళకు తెలుసు. వాళ్ళకు కావలసింది చిరాకుపడే ముసలి కెప్టెన్ ఒకడు. నేను అందించాను. ఆయన్ని కెప్టెన్ సీటు నుంచి తీసి కొన్నాళ్ళు కో-పైలట్‌గా కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. రాజీనామా ఇచ్చి ఆదోని రైలెక్కాడు.

ఉద్యోగం ఖాయమయ్యాక ఒకసారి ఆయన్ని చూడటానికి వెళ్ళాను. గోనెగండ్ల దగ్గర తన చేలో మిరపకు నీళ్ళు కడుతున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, ఒక కాలు ఈడుస్తూ వచ్చాడు.

"రాత్రి యాడ పండుకుంటివి?"

"ఎమ్మిగనూర్లో సార్. మా ఇంట్లో."

"సరే, కూసో."

గట్టు మీద కూర్చున్నాం. చాలాసేపు మిరప తెగులు గురించే మాట్లాడాడు. చివరికి నేనే అన్నాను, "సార్, నేను ఇప్పుడు పోయి వాళ్ళకు జరిగింది చెప్తాను."

ఆయన చేతిలోని పార నేలకేసి కొట్టాడు. "సెప్పాల్సిన పొద్దు సెప్పకపోతివి. ఇప్పుడు నీ ఉద్యోగం గట్టిపడినాక సెప్పి, నా ముందర పెద్ద మనిషివి కావాల్నా? నేనేం దేవుణ్ణి కాదప్పా. నోరు మూసుకో అంటి నిజమే. నన్ను చిరాకోడని సెప్పమంటినా? కోపం నాకూ ఉండాది. పో, పొద్దుగూకుతాంది, బస్సు పోతాది."

ఆ కోపాన్ని నేను వాడుకున్నాను. ఆయనే వద్దన్నాడు కదా అని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన వద్దనలేదు. ఆలస్యమైందని తిట్టాడు. ఆ రెండింటికీ తేడా తెలియనంత చిన్నపిల్లవాణ్ణేమీ కాదు.

నిరుడు గుండెపోటుతో పోయాడు. సమాధి చేసిన రోజు వెళ్ళాను, తర్వాత గోనెగండ్ల చర్చిలో ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకూ వెళ్ళాను. షామియానా కింద నా వెనక కుర్చీల్లో ఎవరో గుసగుసలాడుతున్నారు. "మంచోడేప్పా, ఆ మందు అలవాటు లేకపోయింటే పెద్ద ఆపీసరయ్యుండు." రెండోవాడు, "ఆ వీడియో నా కాడ ఇంకా ఉండాది" అన్నాడు. లేచి వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. కూర్చునే ఉన్నాను.

కూడిక అయ్యాక సుగుణ టీచర్ నన్ను పక్కకు పిలిచింది. "సీనప్పా, ఆ పొద్దు పక్కన నువ్వుంటివి గదా. ఒక మాట సెప్పు. ఆయప్పకు అప్పుడే గుండెనొప్పి ఏమన్నా వచ్చెనా?"

"లేదు టీచర్."

"తాగినాడని ఊరు అంటాది. తాగలేదని నాకు తెలుసు. నాతో మాత్రం అలసిపోయి దిగితిని అనె. ముందురోజే పోయి పండుకునే మనిషికి అలసట యాడనుంచి వస్తాది? నొప్పి వచ్చుంటాది, నేను భయపడతానని దాచుంటాడు. ఆ పొద్దే ఆసుపత్రికి తీస్కపోయింటే ఈ పొద్దు ఉండునేమో. నేనే కనుక్కోలేకపోతి."

పాస్టరు గారు భోజనాలకు పిలిచారు. "అట్లాంటిదేమీ లేదు టీచర్" అని గొణిగి, నేను పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నా బతుకులో ఇంకొకటి లేదు. ఆయన నా పేరు పెళ్ళానికి కూడా చెప్పలేదు. చెప్పనందుకు ఆమె ఆయన చావును తన తప్పు కింద మోస్తోంది.

ఇదంతా గుర్తుకొస్తూ ఉండగానే పోయిన నెల ఆ విమానం ఢిల్లీలో దిగింది. చివరి వరుస కుర్రవాడు కళ్ళు నులుముకుంటూ స్వెట్టర్ విప్పుతున్నాడు.

"డ్యూటీ ఎప్పుడు?" అని అడిగాను.

"ఇప్పుడే సార్, దిగగానే."

"రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఢిల్లీలోనే అని చెప్పమంటారా సార్? మీరూ ఇదే విమానంలో వచ్చారు కదా."

"నాకు డ్యూటీ రేపు. ఆపరేషన్స్‌కు ఫోన్ నువ్వు చేస్తావా, నన్ను చేయమంటావా?"

నవ్వు పోయింది. బతిమాలాడు. ఇంట్లో నెలల బిడ్డ ఉందన్నాడు, రాత్రి నిద్ర లేదన్నాడు. "అందుకే" అన్నాను. చివరికి నేనే చేశాను. ఇతను ఈ ఉదయమే హైదరాబాదు నుంచి నాతో పాటు వచ్చాడు, నిద్ర లేదు, ఇతన్ని విమానం ఎక్కించకండి, ఇలా రావలసి వచ్చేటట్టు డ్యూటీల పట్టిక వేసినవాళ్ళను కూడా అడగండి, ఈ మాట అంటున్నది నేను అని నా పేరు చెప్పాను. కెప్టెన్ యోసేపు విషయంలో నాకు కోపం ఒక్కదాని మీదే ఉంది. నన్ను కాపాడాలని ఆయన కారణాన్ని దాచాడు. ఆ మరుగులో కంపెనీ కూడా హాయిగా దాక్కుంది. నేను ఆ మరుగు ఇవ్వదలచుకోలేదు. నన్ను సంజాయిషీ అడిగారు. ఈ సంగతితో పాటు ఆ పాత రోజు సంగతీ, నేను ఆడిన అబద్ధమూ రాసి ఇచ్చాను. ఏం చేస్తారో ఇంకా తేలలేదు. ఆ కుర్రవాడు నేను ఎదురైతే ముఖం తిప్పుకుంటున్నాడు.

తర్వాత సెలవు పెట్టి ఆదోని వెళ్ళాను. సుగుణ టీచర్ వరండాలో కూర్చుని ఉంది. మంచం సంగతి దగ్గర నుంచి విచారణ దాకా చెప్పాను. నేను ఆపాక ఆమె వీధిలోకి చూస్తూ అంది.

"నొప్పి రాలేదు ఆ పొద్దు."

"రాలేదు టీచర్. బాగానే ఉన్నారు. మీరు కనుక్కోవలసింది ఏమీ లేదు."

"ఇన్నేండ్లు పట్టెనా నీకు ఆ మాట సెప్పేకి?" గొంతు పెరిగింది. "బరియల్‌కి వస్తివి. కూడికకు వస్తివి. ఆడనే కూసోని అన్నం తింటివి. ఎట్ల దిగె నీకు ముద్ద?"

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నాకు సెప్తే సాలదు. నవ్వినోళ్ళకు సెప్పు. యా ఊర్లో నవ్విరో ఆ ఊర్లో సెప్పు." లోపలికి వెళ్ళబోయి ఆగింది. ఆ గళ్ళ దుప్పటి తలుపు వెనక కొక్కానికి వేలాడుతోంది. నా చూపు అటు పోవడం ఆమె గమనించింది. "అదా? అది నీకియ్యను. పో."

అందుకే రాస్తున్నాను. ఆ వీడియో ఇంకా ఫోన్లో దాచుకున్నవాళ్ళు ఉంటే మళ్ళీ ఒకసారి తెరిచి చూడండి. దిగుతున్న మనిషి తాగలేదు, భయపడలేదు, అలసిపోనూ లేదు. రాత్రి నా మంచం మీద బాగా నిద్రపోయి వచ్చాడు. చూడవలసింది ఆయన వెనక ఉన్న బూటును.

ఇప్పుడు నేను కెప్టెన్ సీటులో కూర్చుంటున్నాను, ఎన్నాళ్ళు కూర్చోనిస్తారో తెలియదు. పక్కకు ఎవరు వచ్చినా మొదట ఆ ప్రశ్నే అడుగుతాను. కుర్ర పైలట్లకు తెలుగు రాకపోయినా మా యాసలోనే అడిగి, తర్వాత వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్తాను. యా మంచం మీద అని కూడా అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు చాదస్తం అనుకుంటారు. నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని విమానం తలుపు వేసే ముందు, ఆయన గొంతుతో, ఆయన కోపంతో ఆ మాట నాకు నేనే వినిపించుకుంటాను. జవాబు పైకి చెప్తే పక్కవాడు కంగారుపడతాడని లోపలే చెప్తాను.

"ఈడనే సార్. ముందురోజే వచ్చినా."